ఎర్ర పెన్సిల్ (పద్నాలుగో భాగం): బల్ల మీద వేలు

పోయిన వారం నన్ను మెట్ల మీద నిలబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. అప్పటినుంచి అక్కడే ఉన్నాను, మోకాళ్ళు పీకుతున్నాయి. ముందు నన్ను లోపలికి వెళ్ళనివ్వండి.

కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం ఒక్కసారి చెప్పేస్తాను. నేను అకౌంటెంట్ లైసెన్సు పరీక్షకి చదువుతున్నదాన్ని. మా ఆయన పోయాక అక్క ఇంట్లో, ఇస్త్రీ బల్ల పక్కన పుస్తకాలు పేర్చుకుని చదువుతున్నదాన్ని. కింది పేపర్లలో రెండుసార్లు తప్పినదాన్ని కూడా, అది దాచిపెట్టి ప్రయోజనం లేదు. ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాది నుంచి సిలబస్ మారుతోంది, ఇప్పటిదాకా పాసైన పేపర్లన్నీ చెల్లకుండా పోతాయి. చివరి పేపర్లకి కూర్చోవాలంటే, లైసెన్సు ఉన్న ఆడిటర్ దగ్గర మూడేళ్ళు పని నేర్చుకున్నట్టు ఆయన సర్టిఫికెట్ ఇవ్వాలి. మాది ఒకే ఒక్క ఆడిటర్ ఉన్న చిన్న ఆఫీసు కాబట్టి, బోర్డు నుంచి ఒక మేడమ్ వచ్చి, శిక్షణ నిజంగా జరిగిందా లేదా అని చూసుకుని, ఆ సర్టిఫికెట్ తన చేత్తో పట్టుకెళుతుంది. ఆ మేడమ్ వచ్చేది ఈరోజే. సార్ సంతకం పెట్టాల్సిన సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకుని నేను మెట్లెక్కుతుంటే తలుపు సందులోంచి సార్ భార్య గొంతు వినపడింది.

"ఆ పిల్లకి చెప్పెయ్యండి. ఇంకెన్నాళ్ళు దాస్తారు?"

అదీ సంగతి. ఆ మాట విన్నాక నా మనసు ఎన్ని చోట్లకి పరుగెత్తిందో అడగొద్దు. సార్ ఆఫీసు మూసేస్తున్నారనుకున్నాను. సార్‌కి ఏదో పెద్ద జబ్బు అనుకున్నాను. ఆఖరికి, నేను ఈ పరీక్షకి పనికిరానని సార్‌కి మొదట్నుంచీ తెలుసనీ, మొహమాటానికి చెప్పలేదనీ కూడా అనుకున్నాను. రెండుసార్లు తప్పిన మనిషికి మూడోది ముందు తడుతుంది. చెప్పులు కాస్త గట్టిగా చప్పుడు చేస్తూ, ఏమీ విననట్టు లోపలికి వెళ్ళాను.

"ఎవరూ, పెన్సిలా?" అన్నారు సార్.

చెవి వెనక ఎప్పుడూ ఎర్ర పెన్సిల్ పెట్టుకుంటానని ఆయన నాకు పెట్టిన పేరు అది. ఇప్పుడు మా అక్క కూడా అలాగే పిలుస్తోంది. బావ అయితే ఫోన్లో అదే రాసుకున్నాడు.

"నేనే సార్. మేడమ్ ఇంకా రాలేదు కదా?"

"రాలేదు. కూర్చో."

అమ్మగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయి, అది కుదరక, "టీ పెడతాను" అని వెనక గదిలోకి వెళ్ళిపోయారు.

మా ఆఫీసు టైర్ల షాపు పైన ఉంటుంది. పొద్దస్తమానం రబ్బరు వాసన. రెండు ఇనప బీరువాలు, ఒక పెద్ద బల్ల, బల్లకి ఆ పక్క సార్, ఈ పక్క నేను. మూడేళ్ళుగా మా మధ్య మారనిది ఆ బల్ల ఒక్కటే. దాని అంచు దగ్గర పాలిష్ పోయి తెల్లగా ఒక మచ్చ ఉంది. సార్ వేలు తగిలీ తగిలీ పడిన మచ్చ అది.

ఆ వేలు సంగతి చెప్పాలి. మా సార్ దగ్గర పని జరిగే తీరు ఎక్కడా ఉండదు. వేరే ఆఫీసుల్లో నాతోపాటు పరీక్షకి చదివేవాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని చకచకా టిక్కులు పెట్టేస్తారు. నేను మాత్రం, రెండో ఏడాది నుంచీ, ప్రతి లైనూ గట్టిగా చదవాలి. సార్ కళ్ళు మూసుకుని వింటారు. ఒక్కో పద్దుకి చూపుడు వేలితో బల్ల మీద ఒక్కో దెబ్బ. దెబ్బ పడిందంటే సరిగ్గా ఉన్నట్టు, నేను ఎర్ర టిక్కు పెట్టి ముందుకి వెళ్ళాలి. ఏదైనా తేడాగా వినపడితే ఆ వేలు గాలిలోకి లేచి అక్కడే నిలబడిపోతుంది. "ఆగమ్మా" అంటారు. ఆ వేలు లేచిందంటే తప్పు దొరికిందన్నమాటే. ఒకసారి ఐస్ ఫ్యాక్టరీ లెక్కలు చదువుతుంటే కరెంటు బిల్లు దగ్గర వేలు లేచింది. "మరమ్మతులని నెలంతా మూసేశామన్నారు కదమ్మా, మూసేసిన ఫ్యాక్టరీకి అంత కరెంటు ఎందుకు కాలింది?" అన్నారు. తవ్వితే పెద్ద కథే బయటపడింది, అది మీరు ఆరో భాగంలో చదివారు.

పరీక్షకి చదివించడం కూడా అలాగే. నేను రాసిన జవాబులు నేనే చదివి వినిపించాలి. తెలియనిది తెలిసినట్టు గడుసుగా రాసిన చోట ఠక్కున వేలు లేచేది. "ఇక్కడ నీకు తెలీదు. ఊరికే మాటలు పేర్చావు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఒక్కసారి కూడా ఆ వేలు తప్పు చోట లేవలేదు.

"మీ సార్ ఒకటో తరగతి పంతులా, అన్నీ పైకి చదివిస్తాడూ?" అని తోటివాళ్ళు నవ్వితే నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. అది మా సార్ పద్ధతి, మీ మొహాలకి అర్థం కాదు అని.

సంతకం పెట్టేటప్పుడు కూడా సార్‌కి ఒక అలవాటు ఉంది. కాగితం ముందుపెట్టగానే "వేలు పెట్టమ్మా" అంటారు. ఎక్కడ సంతకం చెయ్యాలో నేను వేలితో చూపించాలి. నా వేలికి తన వేలు ఆనించి, ఆ పక్కనే కలం పెట్టి సంతకం చేస్తారు. పెద్దవాళ్ళకి అదో దర్జా అనుకున్నాను. దర్జా!

"సర్టిఫికెట్ తెచ్చావా?" అన్నారు సార్.

"తెచ్చాను సార్. రెండు కాపీలు. ఒకటి బోర్డుకి, ఒకటి మనకి."

మామూలుగా అయితే కాగితం సార్ వైపుకి తిప్పి పెడతాను. ఈరోజు నా బుర్ర నా దగ్గర లేదు. అమ్మగారి మాటే చెవుల్లో తిరుగుతోంది. ఆఖరుసారిగా ఒకసారి చదువుకుందామని కాగితం నా వైపుకి పెట్టుకున్నాను. చదువుతుండగానే సార్ కలం మూత తీసి, "వేలు పెట్టమ్మా" అన్నారు. అలవాటుగా వేలు పెట్టేశాను. ఆయన చెయ్యి వచ్చి నా వేలిని తాకింది. కలం కదిలింది. ఎప్పటిలాగే పొందికైన సంతకం, కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

తలకిందులుగా.

నా పేరు నాకు తిన్నగా కనిపిస్తోంది. దాని కింద మా సార్ సంతకం తలకిందులుగా ఉంది. సార్ కలం మూత పెట్టి, జేబులో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలారు.

"సరిగ్గా పడిందా?"

కింద షాపులో ఎవరో టైరు దొర్లించారు, అది గోడకి కొట్టుకుంది. ఆయన నా సమాధానం కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన కళ్ళు నా వైపే ఉన్నాయి. కానీ నన్ను కాదు, నా చెవి పక్కగా ఎక్కడో చూస్తున్నాయి. చాలా కాలంగా అటే చూస్తున్నాయి. ఏదో ధ్యాసలో ఉంటారనుకున్నానే తప్ప, ఆడిట్ నేర్చుకుంటున్నదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారి సరిగ్గా గమనించిన పాపాన పోలేదు.

"అమ్మాయ్? ఏమైంది?"

"సార్," అన్నాను. "మీకు కనపడటం లేదు."

వెనక గదిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచి ఏం లాభం అన్న ఆలోచన వచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎలా తెలిసింది?"

"కాగితం నా వైపుకి ఉంది సార్. తలకిందులుగా సంతకం చేశారు."

"అయ్యో," అన్నారు. అంతే. పిల్లాడు గ్లాసు పగలగొట్టి అన్నట్టుగా అన్నారు.

అమ్మగారు టీ కప్పులతో వచ్చి, ఇద్దరినీ చూసి, కప్పులు బల్ల మీద పెట్టేసి అక్కడే కూర్చుండిపోయారు. "నేను చెప్తూనే ఉన్నాను. చెప్తూనే ఉన్నాను ఈ మనిషికి" అన్నారు.

"మధ్యలో పోయిందమ్మా," అన్నారు సార్. "నువ్వు చేరినప్పుడు బాగానే ఉండేది. నీ మొదటి ఏడాది పనంతా కళ్ళారా చూశాను, అందులో అబద్ధం లేదు. తర్వాత అక్షరాల మధ్యలో మసక మొదలైంది. ఇప్పుడు చుట్టుపక్కల అంచులు కనపడతాయి. తలుపు, కిటికీ, మనిషి వచ్చాడా వెళ్ళాడా, అంతవరకే. దేని వైపు చూస్తే అదే మాయమైపోతుంది. నీ మొహం ఎలా ఉంటుందో కూడా మర్చిపోతున్నాను అమ్మాయ్. గొంతుని బట్టి ఊహించుకుంటున్నాను."

ఆ మాటకి నేను ఏడవాలి. మంచి మనిషినైతే ఏడ్చేదాన్నే. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, నాకు ముందు గుర్తొచ్చింది ఆయన కళ్ళు కాదు, నా పరీక్ష. శిక్షణ కాలమంతా నా పని ఆయన స్వయంగా చూశారని ఆ సర్టిఫికెట్లో రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం మీదే నా బతుకు వేలాడుతోంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు సార్?"

"డాక్టరు చెప్పిన రోజే లైసెన్సు వెనక్కి ఇచ్చేసి ఉండాల్సింది. ఇచ్చేస్తే నీ శిక్షణ మధ్యలో తెగిపోతుంది. ఇంకో ఆడిటర్ దగ్గర మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. నీ వయసు చూసి, నీ తప్పిన పేపర్లు చూసి, ఎవడు చేర్చుకుంటాడమ్మా?"

"నా మీదకి తోసెయ్యకండి సార్!" గట్టిగానే అరిచాను. సార్ ముందు గొంతెత్తడం అదే మొదటిసారి. "నేను అడిగానా? నా కోసం అబద్ధం ఆడమని మిమ్మల్ని ఎవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. సరే, సగమే నీ కోసం." కళ్ళజోడు పెట్టుకున్నారు. "సగం నా కోసం. ఈ కుర్చీలోంచి లేస్తే ఇక నేనెవర్నో నాకు తెలీదమ్మా."

"సగమా? ముప్పావు," అన్నారు అమ్మగారు ముక్కు తుడుచుకుంటూ. ఆవిడ ఏడుస్తూనే అన్న ఆ మాటకి సార్ చిన్నగా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మరి ఆ రిపోర్టులు? ఐస్ ఫ్యాక్టరీ, స్కూలు, ప్రింటింగ్ ప్రెస్... అన్నిటి కిందా మీ సంతకమే కదా సార్. అన్నీ పరిశీలించాం అని రాశారు కదా."

"అన్నీ విన్నాను. ఒక్క లైను కూడా వదలకుండా విన్నాను. నీకు తెలుసు కదా."

"నేను తప్పు చదివి ఉంటే?"

"నువ్వు తప్పు చదవవు."

"మీకెలా తెలుసు?"

"నమ్మకం."

"నమ్మకం మీద సంతకం పెట్టేవాడు ఆడిటర్ కాడని నేను చేరిన రోజు ఎవరు చెప్పారు సార్? ఇదే బల్ల దగ్గర, ఇదే కుర్చీలో కూర్చుని ఎవరు చెప్పారు?"

ఆయన తల దించుకున్నారు. అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణం అది వెనక్కి తీసుకోవాలనిపించింది. నాకు ఎక్కాలు రాకపోయినా ఓర్చుకుని, రెండుసార్లు తప్పినా రెండుసార్లూ "పద, మళ్ళీ చదువు" అని కూర్చోబెట్టిన మనిషి. ఫలితాలు వచ్చిన రోజు మా అక్క కూడా నాతో మాట్లాడలేదు. ఈయన మాత్రం ఏ లెక్క దగ్గర తప్పానో గుర్తు తెచ్చుకుని చెప్పమన్నారు, మొత్తం విన్నారు, ఎక్కడ జారిపోయానో వేలు ఎత్తి చూపించారు. అలాంటి మనిషి తల నా మాటకి దిగిపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను, చప్పుడు చెయ్యకూడదని. తర్వాత గుర్తొచ్చింది, ఆయనకి చప్పుడే కదా కనపడేది.

"ఏడవకు," అన్నారు సార్. "ఇంకో కాపీ ఉందన్నావు కదా."

"ఉంది."

"ఇటు తిప్పి పెట్టు. వేలు పెట్టు."

నేను కదలలేదు. అమ్మగారు నా వైపు చూశారు. ఆవిడ చూపులో 'పెట్టు' అనీ లేదు, 'వద్దు' అనీ లేదు. నువ్వేం చేస్తావో చూస్తాను అన్నట్టు ఉంది, అంతే.

మా ఇస్త్రీ బల్ల గుర్తొచ్చింది. దాని పక్కన పేర్చిన పుస్తకాలు, వాటి మీద అక్క పెట్టే మడత బట్టలు. "ఈసారి కూడా కాకపోతే ఆ పుస్తకాలు తీసేద్దాం, జాగా లేదు" అని మొన్న అక్క మెల్లిగానే అంది. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని.

కాగితం సార్ వైపుకి తిప్పాను. వేలు పెట్టాను. పెట్టానండీ, మీరేమనుకున్నా సరే. ఆయన వేలు వచ్చి నా వేలిని తాకింది. చల్లగా ఉంది. సంతకం తిన్నగా, ముచ్చటగా పడింది. మొదటి కాపీ సొరుగులో తోసేశాను.

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది.

బోర్డు మేడమ్ నేను భయపడినంత మనిషి కాదు. వయసులో చిన్నదే. మెత్తగా మాట్లాడింది. అమ్మగారు ఇచ్చిన టీ తాగింది, బాగుందని కూడా చెప్పింది. ఫైళ్ళు ఒక్కొక్కటే తీసి చూసింది. ప్రతి లైను పక్కనా ఎర్ర టిక్కు చూసి, "ఇంత ఓపిగ్గా ఎవరూ చెయ్యట్లేదండీ ఈ రోజుల్లో" అంది సార్‌తో. సార్ ఆవిడ గొంతు వచ్చిన వైపుకి తల తిప్పి, "ఆ అమ్మాయి కష్టం" అన్నారు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగింది. నాలుగింటికీ తడుముకోకుండా చెప్పాను. చివరి దానికి ఆవిడే నవ్వేసింది. ఇంకేం, గండం గట్టెక్కిందనుకున్నాను.

"ఇక ఒక్కటే మిగిలింది," అంది మేడమ్, సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని. "ఇందులో రాసినదంతా నా ఎదురుగా పైకి చదివి, ఇద్దరూ ఒప్పుకోవాలి. మా పద్ధతి. సార్, మీరు చదువుతారా?"

అని కాగితం సార్ ముందు పట్టుకుంది.

సార్ చెయ్యి కదల్లేదు. ఆ కాగితం ఎక్కడుందో ఆయనకి తెలియదు. ఎలా లేచానో తెలియదు, చెయ్యి చాచి ఆ కాగితం అందుకున్నాను.

"నేను చదువుతాను మేడమ్. మా ఆఫీసులో పైకి చదివేది ఎప్పుడూ నేనే."

"అలాగే, చదవండి," అంది ఆవిడ, ఏమీ పట్టించుకోకుండా.

గొంతు సవరించుకున్నాను. సార్ కళ్ళు మూసుకున్నారు. ఆయన చూపుడు వేలు తనంతట తానే వచ్చి బల్ల అంచున ఆ తెల్ల మచ్చ మీద ఆగింది.

"ఈ శిక్షణార్థి నా కార్యాలయంలో పూర్తి కాలం పనిచేసినట్టు ధ్రువీకరిస్తున్నాను."

టక్.

"శిక్షణార్థి ప్రవర్తన, క్రమశిక్షణ సంతృప్తికరంగా ఉన్నాయి."

టక్. ఆ దెబ్బ కాస్త గట్టిగానే పడింది. మేడమ్ ఆ వేలి వైపు వింతగా చూసి చిరునవ్వు నవ్వింది.

తర్వాతి వాక్యం నాకు కంఠస్థమే. కాగితం చూడక్కర్లేదు. అయినా చూస్తూనే చదివాను, ఎందుకంటే తలెత్తితే సార్ మొహం కనపడుతుంది.

"శిక్షణ కాలమంతా శిక్షణార్థి తయారుచేసిన ప్రతి కాగితాన్ని నేను స్వయంగా చూసి..."

దెబ్బ పడలేదు.

తలెత్తాను. సార్ వేలు గాలిలో ఉంది. తప్పు దొరికినప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే, కాస్త కూడా వణకకుండా నిలబడి ఉంది. అలవాటు కొద్దీ లేచిందో, కావాలనే ఎత్తారో నేను చెప్పలేను. ఆయన కళ్ళు తెరిచారు. నా చెవి పక్కగా చూస్తూ, ఎప్పుడూ అన్నంత మెత్తగానే అన్నారు.

"ఆగమ్మా."

మేడమ్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. అమ్మగారు కొంగుతో మొహం కప్పుకున్నారు. ఆ వేలు లేచాక నేను ఒక్క అక్షరం కూడా ముందుకి చదివిన రోజు లేదు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆగాను, తప్పిన జవాబుల దగ్గర ఆగాను, ఎంత కోపమొచ్చినా ఆగాను.

ఈరోజు ఆగలేదు. సార్ వేలు గాలిలోనే ఉంది, నేను మిగిలిన వాక్యం చదువుతూనే ఉన్నాను.